శుక్రవారం పూట సముద్రం

మా అత్తయ్యకు నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదైనా ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమని గుంటూరులో కళ్ల డాక్టరు తేల్చేశాక ఆవిడ ఒకే ఒక్క కోరిక కోరింది.

"మన సూర్యలంకలో మోకాల్లోతు దిగితే కాళ్లు కనపడవు, అన్నీ మడ్డి నీళ్లే. టీవీలో చూపిస్తారే, తెల్ల ఇసక సముద్రం, అందులో నిలబడి నా పాదాలు నేను చూసుకోవాలే అమ్మాయ్."

బాపట్లలో పుట్టి పెరిగి, ఏటా కార్తీక పున్నమికి సముద్రంలో మునిగే మనిషి కోరిక అది. తెనాలిలో నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు ఎప్పుడో చూసుకుని, అండమాన్‌కి టికెట్లన్నీ నేనే తీశాను. సెలవులు చూశాను గానీ వారం చూడలేదు. అదే నా కొంప ముంచింది.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడెక్కి ఆ తెల్ల ఇసక ద్వీపానికి చేరేసరికి పొద్దున తొమ్మిదయింది. ఇసక బియ్యప్పిండి ఆరబోసినట్టుంది. నీళ్లలో అడుగున గవ్వలు కూడా కనిపిస్తున్నాయి. అత్తయ్య కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని నీళ్ల వైపు నాలుగడుగులు వేసి, టక్కున ఆగిపోయింది.

"ఇవాళేం వారమే?"

"శుక్రవారమండీ."

"అయ్యో నా రాత! మంగళ, శుక్రవారాలు ఎవరన్నా సముద్రం ముట్టుకుంటారా?"

తిరుగు ఓడ రెండింటికి. మర్నాడు విమానం. నాకు ఒళ్లు మండిపోయింది. ఒడ్డున అటూ ఇటూ తిరిగాను. గడియారం చూడటం, ఆవిణ్ని చూడటం, మళ్లీ గడియారం చూడటం. మా ఆయన ఉంటే ఆయన మీదైనా అరిచేదాన్ని. ఆయనేమో జ్వరంతో పోర్ట్ బ్లెయిర్ హోటల్లోనే ఉండిపోయారు.

"చాదస్తం కాకపోతే ఏంటండీ! ఇక్కడ మనల్ని చూసే బాపట్ల వాళ్లెవరున్నారు?"

"చూసేది వాళ్లా ఏంటి?" అని ఆవిడ ఇసకలో చతికిలబడింది.

పదకొండు దాటాక తనే మెత్తబడింది. "నువ్వు దిగవే. నీకెలాగూ పట్టింపుల్లేవుగా. నీ పాదాలు చూస్తా, అదే చాలు."

చెప్పులు విడిచి పిక్కల దాకా దిగాను. ఆవిడ తడి తగలని చోట నిలబడి మెడ సాచింది.

"కనపడుతున్నాయా అత్తయ్యా?"

"ఆఁ, శుభ్రంగా! పట్టీలు కూడా తళతళలాడుతున్నాయే!"

నేను పట్టీలు పెట్టుకోవడం మానేసి పదేళ్లయింది. ఏడుపొచ్చింది నాకు. పొద్దుటి నుంచి ఈవిడ మీద పడ్డ చిరాకంతా తలుచుకుని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒడ్డుకెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "పాపమేదన్నా ఉంటే నాది. రండి."

వద్దే వద్దే అంటూనే వచ్చింది. నీళ్లు తగలగానే ఒకసారి దణ్ణం పెట్టుకుంది. తలొంచి చాలాసేపు కిందికే చూసింది. నెమ్మదిగా వంగి, రెండు చేతులూ నీళ్లలో పెట్టి, తన పాదాల్ని ఒక్కో వేలూ తడుముకుంది.

"ఉన్నాయే అమ్మాయ్," అంది.