పొదిలి కోడెకు లైసెన్సు

1999 జూన్ 14, సోమవారం. అప్పటికి నేను ఒంగోలులో న్యాయవాదిగా పనిచేస్తున్నాను. పొదిలి దగ్గరి పల్లె నుంచి మరియమ్మ అనే రైతు వచ్చి, నా బల్ల మీద ఒక నోటీసు పెట్టింది.

“మా కోడెకు లైసెన్సు కావాలంటమ్మా. లేకపోతే విత్తులు కొట్టించాలంట. స్కూటరుకు లైసెన్సు విన్నాను గానీ, కోడెకేందమ్మా?”

నాకూ కొత్తగానే ఉంది. వెతికితే, పాత మద్రాసు రాష్ట్రం నాటి చట్టం బయటపడింది. నాసిరకం సంతతి పెరగకూడదని, ఆంబోతుగా ఉంచే ప్రతి కోడెకూ లైసెన్సు ఉండాలన్నారు. లేకపోతే దాన్ని ఎద్దుగా మార్పించాలి. ఆ తర్వాత రాష్ట్రం రెండుసార్లు మారింది కానీ, ఈ చట్టాన్ని రిపీల్ చేసినట్టు ఎక్కడా కనబడలేదు. రిపీల్ అంటే శాసనసభ మరో చట్టం చేసి పాతదాన్ని తీసేయడం. వాడుకలో లేకపోవడం వేరు, రిపీల్ కావడం వేరు.

మరియమ్మకు ఆ కోడే ఆధారం. చుట్టుపక్కల వాళ్లు ఆవుల్ని దాటించడానికి డబ్బిచ్చి దాని దగ్గరికే తోలుకొచ్చేవారు. దాంతో, అదే ఊళ్లో మరో కోడెను పెంచే సుబ్బారావుకు బేరం తగ్గింది. ఫిర్యాదు చేసింది ఆయనే.

బుధవారం, నోటీసిచ్చిన డాక్టరును కలవడానికి పశువుల ఆసుపత్రికి వెళ్లాం. వరండాలో బెంచీ మీద సుబ్బారావూ ఉన్నాడు.

“ఇంతకుముందు ఎవరికైనా లైసెన్సు ఇచ్చారా డాక్టరుగారూ?” అని అడిగాను.

“అడిగినవాళ్లుంటేగా అండీ! ఈయన చట్టం జిరాక్సు తెచ్చేదాకా నాకూ తెలీదు. ఫిర్యాదు రాసిచ్చాక ఊరుకుంటే నా మీదకొస్తుంది.”

లైసెన్సిచ్చిన కోడెకు ముద్ర వేయాలని కూడా చట్టంలో ఉంది. ఆ ముద్ర ఎక్కడుందని అడిగితే, అటెండరు కిటికీ రెక్కకు అడ్డం పెట్టిన తుప్పుకడ్డీ తీసుకొచ్చాడు. దాని కొసన మద్రాసు ప్రభుత్వ అక్షరాలే ఉన్నాయి.

మరియమ్మ వంగి చూసింది. “ఇది కాల్చి పెడతారా? మా కోడె మద్రాసు ఎందుకు పోద్దండీ!”

నేను బెంచీ వైపు తిరిగాను. “సుబ్బారావుగారూ, మీ కోడె లైసెన్సేదండీ?”

“మాదా? మాది మేలుజాతిదమ్మా!”

“అది తేల్చాల్సింది నేను కదండీ. దానికీ నోటీసు ఇవ్వాల్సిందే,” అన్నాడు డాక్టరు నవ్వాపుకుంటూ.

“అయితే రెండిటికీ ఒకే రోజు కొట్టించండి బాబూ,” అంది మరియమ్మ. “ఊరికి ఒక్కసారే వస్తే సరిపోద్ది.”

మధ్యాహ్నానికల్లా సుబ్బారావు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. నోటీసు రద్దయింది.

బస్టాండులో మరియమ్మ అడిగింది: “ఇంకోడికి నా మీద కోపమొస్తేనో?”

“మళ్లీ నోటీసొస్తుంది. చట్టం పోలేదుగా.”

పాత చట్టం పుస్తకంలో పడి ఉంటే ఎవరికి నష్టం అని అంతవరకూ అనుకునేదాన్ని. ఎవరూ వాడని చట్టమైనా పగబట్టినవాడికి అందుతుందని అప్పుడే తెలిసింది. దాన్ని రిపీల్ చేయమని ప్రభుత్వానికి అర్జీ రాసి, అక్కడే బెంచీ మీద మరియమ్మతో వేలిముద్ర వేయించాను.

“ఇది ఎప్పటికి తేలుద్దమ్మా?”

“చెప్పలేను.”

ఆమె వేలికంటిన సిరా కొంగుకు తుడుచుకుంది. “అప్పటిదాకా సుబ్బారావు కోడె చల్లగుండాలమ్మా!”