కార్డు ప్రకారం నేనింకా బస్సులోనే

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదు, మెట్రో వచ్చాకే) హైటెక్ సిటీలో అద్దాల మేడ కనిపిస్తే చాలు, లోపలంతా మేధావులే ఉంటారని నమ్మేవాణ్ణి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన మేడలో మేధావులు బస్సుకీ మెట్రోకీ కలిపి ఒకే కార్డు తయారుచేస్తున్నారు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మెషీన్‌కి తాకిస్తే సరి, ఇక టికెట్టు గొడవే ఉండదు. దాన్ని కొనడానికొచ్చే పెద్దమనుషులకు చూపించే బాధ్యత మా మేనేజరు నాకప్పగించారు. ఏమడిగినా తెరమీద స్లైడు వేసి చూపిస్తారని మేం చాటుగా స్లైడు సార్ అని పిలుచుకునే ఆయనది కాకినాడ వైపు. కోపంలోనూ ‘అండీ’ వదలరు. నేను చందానగర్‌లో బస్సెక్కి, మియాపూర్‌లో మెట్రో అందుకుని ఆఫీసుకి రావాలి. నేనెక్కడున్నానో మీటింగు గదిలో తెరమీద ఆకుపచ్చ చుక్క చెబుతుంది. అంతా సవ్యంగా జరిగితే నా ఉద్యోగం పర్మనెంటు. జరక్కపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, మర్యాదస్తులు కదా.

బస్సెక్కి తాకించాను, దిగుతూ తాకించాను. మెట్రో గేటు చటుక్కున తెరుచుకుంది (లోపలికి రానివ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు). హైటెక్ సిటీలో బయటికి వెళ్ళబోతే మాత్రం ఎర్రదీపం వెలిగింది. గేటు దగ్గరి ఉద్యోగిని నా కార్డు తన మెషీన్‌లో చూసి, తర్వాత నన్నూ చూసి, “కార్డు ప్రకారమైతే మీరింకా బస్సులనే ఉన్నరు సార్” అంది. నేను దిగిన సంగతి బస్సు కంప్యూటరుకి తెలుసు. దాన్ని మెట్రో కంప్యూటరుకి చేరవేయాల్సింది మా సాఫ్ట్‌వేరు. అది చేరవేయలేదు. బస్సులో ఉన్నవాణ్ణి మీ ముందెలా నిలబడ్డానని అడిగితే, “గదే నాకు సమజైతలేదు, జర పక్కకు నిలబడుండ్రి” అంది.

అంతలో స్లైడు సార్ ఫోన్. స్టేషన్‌లోనే ఉన్నానన్నాను. ఆయన గొంతు తగ్గించి, “అబద్ధాలెందుకండీ, మీరు మదీనాగూడ దాటలేదు. తెరమీద అందరం చూస్తున్నాం” అన్నారు. తాను ముద్దుగా పెంచుకున్న చుక్కని కాదని నా మాట నమ్మమనడం అన్యాయమే మరి.

చివరికి అతిథుల్ని వెంటబెట్టుకుని ఆయనే దిగివచ్చారు. వాళ్ళను గేటు బయటే ఆపి, కార్డు తాకించడం నాకు చేతకాలేదని నిరూపించడానికి జేబులోంచి ఇంకో నమూనా కార్డు తీసి, దర్జాగా లోపలికొచ్చారు. అంతే దర్జాగా బయటికి వెళ్ళబోయారు. ఎర్రదీపం. ముందురోజు పరీక్ష పేరుతో మా ఆఫీసువాడెవడో ఆ కార్డుతోనే బస్సెక్కి ఇంటికెళ్ళాడట. ఉద్యోగిని మెషీన్ చూసి, “ఈ సార్ ప్రగతి నగర్ బస్సుల ఉన్నరు” అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “నేను కారులో వచ్చానండీ” అన్నారు.

మామూలు టికెట్లు కొనిపించి ఆమే మమ్మల్ని బయటికి పంపింది. అతిథులు టీ తాగి, కార్డు చాలా బాగుందని చెప్పి, మళ్ళీ కనిపించలేదు. నా ఉద్యోగం మాత్రం పర్మనెంటైంది. ప్రగతి నగర్ సంగతి తెలిసినవాణ్ణి ఆఫీసులో నేనొక్కణ్ణే మరి.

ఇప్పుడు నేనూ మేనేజర్నే, కారులోనే తిరుగుతున్నాను. సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నప్పుడు, ఒక్క కార్డుకే ఊరంతా తలుపులు తీస్తుందనుకుని గేటు ముందు నిలబడ్డ ఆ టక్ చేసుకున్న కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి తలచుకుని నవ్వుకుంటుండగానే నెత్తిమీంచి మెట్రో వెళ్ళిపోతుంది. మామూలు రోజుల్లో వాడు నాకంటే ముందే ఆఫీసు చేరేవాడు.