రెండో చెయ్యి

ఇల్లందు దాటాక, అడవి అంచున ఉన్న చిన్న మాత్రల ఫ్యాక్టరీలో పరీక్షల గది మొత్తానికి ఆంథోని ఒక్కడే. తొంభైల మొదట్లో సంగతి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకంటే ఏం చెబుతాడు, వయసు దాటిపోయింది, అంతే. పొద్దున గాజు సామాను కడగడం, మాత్రల్లో మందు సరిగ్గా ఉందో లేదో తేల్చడం, సాయంత్రం మళ్లీ కడగడం. ఫ్లాస్కు చేజారబోతే "ఆగవే తల్లీ!" అనేవాడు. పాపం, ఆ గదిలో అతను మాట్లాడేది వాటితోనే.

జ్వరం మాత్రలకు అతనే ఒక కొత్త పరీక్ష పద్ధతి కుదిర్చాడు. అది ఒక్కడి చేతిలో కుదిరితే చాలదు. వేరొకరు చేసినా అదే ఫలితం రావాలి. అందుకని యజమాని కిషన్‌లాల్ ఖమ్మంలోని తన ఇంకో ఫ్యాక్టరీ నుంచి సంపూర్ణ అనే కెమిస్టును పంపించాడు. ఇద్దరి లెక్కా కలిసేదాకా ఆమె ఇక్కడి గెస్టు గదిలోనే ఉండాలని ఆర్డరు.

అమ్మో, ఆమె నోరు! వచ్చిన రోజే "ఏంది సార్, గిట్ల ఒక్కరే ఉంటే పిచ్చి లేవదా?" అంది. ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి అతని డబ్బాలో సగం వేసింది. ఎన్నాళ్లకో అతనికి అన్నం రుచి తెలిసింది.

చివరి పరీక్ష రోజు పొద్దున ఆంథోని బుద్ధి గడ్డి తింది. పరీక్షకు బ్యూరెట్ కావాలి. ఆ గీతల గాజు గొట్టంలోంచి ద్రవం చుక్కచుక్కగా వదిలి, ఎంత పట్టిందో చూసి మందు లెక్క కడతారు. కింద కుళాయి సన్నగా కారే పాతదొకటి అలమరలో ఉంది. కారిందా, లెక్క తప్పుతుంది. పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. సంపూర్ణ ఇంకొన్నాళ్లు ఉంటుంది. ఆ పాతదాన్నే తీసి ఆమె స్టాండుకు బిగించాడు.

"మీరు పెట్టిండ్రంటే ఇగ నేను చూసేదేంది సార్," అంటూ ఆమె వచ్చీరాగానే ద్రవం పోయబోయింది.

"ఆగు సంపూర్ణా! అది కారుతది!"

గబగబా ఊడదీసి మంచిది బిగించాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఎందుకు పెట్టాడో మాత్రం ఆమెకు చెప్పలేదు.

సాయంత్రానికి ఇద్దరి ఫలితాలూ కలిశాయి. "చూసిండ్రా సార్! మీ చెయ్యి, నా చెయ్యి ఒక్కతీరే!" అని సంపూర్ణ చప్పట్లు కొట్టింది. బస్సు వేళకి సంచి సర్దుకుంది. ఆంథోని రోడ్డుదాకా వెళ్లి, కిటికీ పక్కన సీటు చూసి ఎక్కించాడు. ఉండమనడానికి ఏ సాకూ మిగల్లేదు.

మర్నాడు కిషన్‌లాల్ ఫోన్ చేశాడు.

"శభాష్ ఆంథోనీ! రెండో మనిషితోని ఇగ పని లేదు గదా నీకు?"

ఆంథోని ఫోన్ చెవికి ఆనించుకుని, సంపూర్ణ వాడిన స్టాండు వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమయ్యా, ఉన్నవా?"

"ఉన్న సేఠ్," అన్నాడు. "ఒక్కణ్నే ఉన్న."