బెల్టు కదిలొచ్చిన వైవా

సురేంద్రకు పట్టా రాకముందే మదనపల్లెలో డాక్టరని పేరొచ్చేసింది. ఎనిమిదేళ్లుగా పీహెచ్‌డీ చేస్తుంటే మరి రాదా? టీ అంగట్లో "ఏం డాక్టరప్పా, ఇంకా కాలేదా?" అని అడిగేవాళ్లు సరే, మోకాళ్ల నొప్పికి మందు చెప్పమని పంచె పైకి లాగిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. నలభై ఏడేళ్ల వయసు, నున్నటి బట్టతల, పుంగనూరు రోడ్డులో టమాటా గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని, సెలవు దొరికితే పలమనేరు మీదుగా కుప్పం యూనివర్సిటీకి బస్సు. కొందరు పేకాటకు అలవాటు పడతారు, మనవాడు పరిశోధనకు పడ్డాడు.

ఆ పరిశోధన పేరు చదవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి: "చిన్న తయారీ పరిశ్రమల్లో ఉత్పత్తి నిర్వహణ, పోటీ సామర్థ్యం: ఒక అధ్యయనం." పెద్ద కంపెనీల పోటీకి చిన్న ఫ్యాక్టరీ తట్టుకోవాలంటే బెల్టు ఆగకూడదన్నది దాని సారాంశం. బెల్టంటే, కడిగిన టమాటాలు కదిలి వస్తుంటే అటు ఏడుగురు, ఇటు ఏడుగురు ఆడవాళ్లు నిలబడి పచ్చివీ కుళ్లినవీ ఏరేసే చోటు. సురేంద్ర అద్దాల గదిలో కూర్చుని, గంటకు ఎంత సరుకు పోతోందో, ఎవరెవరు సెలవులో ఉన్నారో కంప్యూటర్లో చూసి రాసుకునేవాడు.

అక్కడే పీటముడి పడింది. నలుగురు సెలవు పెట్టిన రోజు సరుకు తగ్గాలి కదా? తగ్గలేదు. ఐదుగురు పెట్టినా తగ్గలేదు. ఐదో అధ్యాయంలో గ్రాఫు బల్లపరుపుగా పడుకుని అతన్ని వెక్కిరించింది. ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఎందుకో తెలియక, "ఇతర కారణాల వల్ల" అని రాసి చేతులు దులుపుకున్నాడు. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఇక మిగిలింది వైవా ఒక్కటే. అందులో తప్పితే ఎనిమిదేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే. గైడు భార్గవి మేడమ్ ముందే చెప్పింది, "పరీక్షకులు ఐదో అధ్యాయం జోలికి రాకపోతే నువ్వు గట్టెక్కినట్టే సురేంద్రా."

వైవాకు ఎవరైనా రావచ్చని యూనివర్సిటీ నోటీసు కాపీలు పంపింది. సురేంద్ర భార్య వసుధ ఊరుకుంటుందా? శుభకార్యం కదా అని ఆ కాగితాల నాలుగు మూలలా పసుపు పూసింది. పసుపు పూశాక పంచకపోతే ఎలా? బెల్టు దగ్గరి ఆడవాళ్లకు పెద్ద అయిన నారాయణమ్మ చేతిలో సురేంద్ర ఒకటి పెట్టి, మర్యాదకు "అందరూ రావాలమ్మా" అన్నాడు. అనడం వరకే అతని ఉద్దేశం. కానీ పుంగనూరు పల్లెల్లో పసుపు కాగితం చేతికిచ్చి నోరారా పిలిస్తే, పోకుండా ఉండటమనేది లేదు.

వైవా రోజు పొద్దున తొమ్మిదిన్నరకు, పదిమంది కూడా లేని హాల్లో సురేంద్ర మొదటి స్లైడు వేశాడో లేదో, బయట మినీ బస్సు హారను మోగింది. పట్టుచీరలు కట్టుకుని, తలల నిండా పూలతో పద్నాలుగు మంది దిగి హాల్లోకి వచ్చారు. ముందు నారాయణమ్మ, చేతిలో తాంబూలం పళ్లెం, పళ్లెం నిండా ఏరి తెచ్చిన టమాటాలు. అనంతపురం నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"మీరు లెయ్యాకండి సామీ, కూచోండి," అంది నారాయణమ్మ. "బిన్నా అడిగేయండి. మూడింటికి మాకు షిఫ్టు ఉండాది."

సురేంద్రకు సిగ్గూ భయమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పరీక్షకుడు మాత్రం నవ్వలేదు. పేజీలు తిప్పి తిప్పి, సరిగ్గా ఐదో అధ్యాయం దగ్గర వేలు పెట్టాడు.

"సెలవులు పెరిగినా ఉత్పత్తి తగ్గలేదంటున్నారు. టమాటాలు వాటంతటవే ఏరుకున్నాయా? ఈ లెక్కలు నిజంగా తీసినవా, ఇంట్లో కూర్చుని రాసినవా?"

సురేంద్ర ఆ పేజీ తనూ తెరిచాడు. "అంటే సార్... ఇతర కారణాలు..."

"ఏమిటా కారణాలు?"

భార్గవి మేడమ్ పైకి చూసి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంటోంది. కొంప మునిగింది అనుకున్నాడు సురేంద్ర. అప్పుడే వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పద్నాలుగు మందికీ అంటుకుంది. నారాయణమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"ఆ కారణాలు మేమే సామీ."

"మీరా?"

"మాలో ఎవురన్నా సెలవు పెడితే, సాయంత్రం షిఫ్టులో పనిచేసే ఆమె వచ్చి బదులు నిలబడతాది. మళ్లా ఆమెకు జాతరో, బిడ్డకు పేరు పెట్టేదో వస్తే మేం పోతాం. నాట్లకు ఒకరి మడికి ఒకరు బదులు పోమా, అట్లానే. బెల్టు ఆగితే అందురి బోనసూ పోతాది కదా."

"మరి రికార్డులో లేదే?"

"హాజరుకు వేలు పెట్టే మిషను ఒక మనిషిని దినానికి ఒకసారే తీసుకుంటాది. దానికేం తెలుసు?"

"సూపర్‌వైజరుకైనా తెలియాలి కదమ్మా!"

ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. "టోపీ, మాస్కు వేసినాక అందురమూ ఒకటే మాదిరి ఉంటాము. సురేంద్రప్ప మంచోడు సామీ, కానీ కంప్యూటరే సూస్తాడు. ఎనిమిదేండ్లలో ఒక్కనాడూ తలలు లెక్కబెట్టలే."

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అద్దానికి అవతల పదడుగుల దూరంలో ఉన్న జవాబు కోసం మనవాడు ఇన్నేళ్లూ కుప్పం బస్సెక్కాడు!

పరీక్షకుడు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "సరే, ఇవాళ బెల్టంతా ఇక్కడే ఉంది. మరి ఫ్యాక్టరీ మూసేశారా?"

నారాయణమ్మ వీడియో కాల్ చేసింది. బెల్టు దగ్గరికి ఫోన్లు తేకూడదని సురేంద్రే రూలు పెట్టాడు. అందుకని ఇవాళ బదులు వచ్చిన సాయంత్రం షిఫ్టు మునీశ్వరి తన ఫోను సురేంద్ర గదిలో పెట్టింది, రింగు వినబడగానే వచ్చి సురేంద్ర కుర్చీలో కూర్చునే ఎత్తింది. ఆమె వెనక అద్దంలోంచి తెల్ల టోపీలు, గలగలా కదిలే ఎర్రటి బెల్టు కనిపించాయి. పరీక్షకుడు ఫోనుకు ముక్కు ఆనించి లెక్కపెట్టాడు.

"పదమూడే ఉన్నాయి!"

"పద్నాలుగోదాన్ని నేనే కదా, మీ ఫోనెత్తింది!" అని కసిరింది మునీశ్వరి. "పెట్టేస్తాండా సామీ, ఆడ పండ్లు పోతాండాయి."

పరీక్షకుడు పగలబడి నవ్వాడు. కళ్లజోడు జారి టమాటాల పళ్లెంలో పడింది. ఆ నవ్వు ఆగాక అన్నాడు, "ఐదో అధ్యాయంలో 'ఇతర కారణాలు' కొట్టేసి, ఈమె చెప్పింది చెప్పినట్టు రాయండి. మీ పరిశోధనంతా ఆ ఒక్క పేజీలో ఉంది. అభినందనలు, డాక్టర్ సురేంద్రా!"

సురేంద్ర నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు. అంత సంతోషం అతను పెళ్లినాడు కూడా పడలేదు. ఈ మాట వసుధకు చెప్పకండి.

తిరుగు ప్రయాణంలో అతనూ మినీ బస్సే ఎక్కాడు. పలమనేరు దాటాక నారాయణమ్మ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. "నీ కోసరం మేమింతమంది వచ్చినాం. నువ్వూ బదులు రావాల గదప్పా?"

"వస్తా. ఎప్పుడు?"

"ఇప్పుడే. నా కాళ్లు గుంజుతాండాయి."

మూడు గంటలకు ఫ్యాక్టరీ యజమాని ఉమాశంకర్ కబురు విని, మూరెడు లావు గులాబీ దండ పట్టుకుని పరుగున వచ్చాడు. బెల్టు వెంట ఆ కొసకూ ఈ కొసకూ మూడుసార్లు తిరిగాడు. చివరికి పచ్చికాయలు ఏరుతున్న ఒక టోపీని ఆపి అడిగాడు, "ఏమ్మా, మన డాక్టరు యాడుండాడు?"

మాస్కు వెనక సురేంద్ర నవ్వాపుకున్నాడు. గ్లవుజు వేలితో అద్దాల గదిని చూపించాడు. అక్కడ అతని కుర్చీలో నారాయణమ్మ కాళ్లు చాపుకుని టీ తాగుతోంది.

"అదో, ఆడ ఉండాది సార్," అన్నాడు. "దండ ఆమెకే వెయ్యండి."