నూనె డబ్బా నీడ, అమ్మ మొక్కు

ప్రతి ఊరికీ దాని వేళకు పొద్దు పొడిపించే నారాయణునికి ముందుగా నమస్కారం. ఊపిరందక పన్నెండు రోజులు ఆస్పత్రి మంచం మీద పడి ఉన్న నన్ను లేపి, నడిపించి, ఈ నాలుగు మాటలు రాసే చేయినిచ్చిన స్వామికి సాష్టాంగం. నేను తప్పు చెప్పిన రోజుల్లో కూడా నన్ను విడిచిపెట్టనందుకు ఇంకోసారి.

మాది ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్ళ ఇల్లు. సూరత్‌లో బమ్రోలి దగ్గర ఉంటాం. పాతికేళ్ళు పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసి, ఇప్పుడు అదే షెడ్డు నుంచి బట్ట తాన్లు మార్కెట్‌కు చేరవేసే వ్యాన్ నడుపుతున్నాను. శనివారం మా గల్లీలో భజన. అందులో పురాణం చదవడం, ఏకాదశులూ మంచి వేళలూ చెప్పడం నా వంతు. చిన్నప్పుడు ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర కూర్చుని నేర్చుకున్న చదువది. పంచాంగం కూడా ఊరి నుంచే రావాలి. ప్రతి ఉగాదికి ఎవరో ఒకరు బస్సులో తెస్తారు. పసుపు బొట్టు పెట్టి మేకుకు తగిలిస్తాం. గుజరాతీ క్యాలెండర్ కిరాణా కొట్లో ఎంత చవగ్గా దొరికినా, అది వాళ్ళది.

మహమ్మారి వచ్చిన మొదటి ఏడు నాకు ఆ జబ్బు పట్టింది. ఆస్పత్రికి ఎవరినీ రానివ్వలేదు. అప్పుడు మా అమ్మ ఇంట్లో దేవుడి ముందు మొక్కుకుంది. కొడుకు తిరిగొస్తే ఏడాదిలో ఇరవై నాలుగు ఏకాదశులూ ఒక్కటి తప్పకుండా ఉపవాసం ఉంటానని, ద్వాదశి పొద్దు పొడిచాకే తులసి నీళ్ళతో పారణ చేస్తానని. నేను తిరిగొచ్చాను. డెబ్బై దాటిన మనిషి మొదలుపెట్టింది. పారణ వేళ చెప్పేది నేనే. పంచాంగం చూసి, ‘అమ్మా, సూర్యోదయం అయింది’ అనేవాణ్ణి. ఆమె తులసాకు నోట్లో వేసుకునేది.

ఒక చలికాలం పొద్దున ఆమె గ్లాసు చేతిలో పట్టుకుని తలుపు బయటికి చూసి, ఇంకా చీకటే ఉంది గదరా అంది. పంచాంగం అబద్ధం చెప్తదా అని నేను గద్దించాను. మా గల్లీకి రెండువైపులా షెడ్ల గోడలు. సూర్యుడు మాకు ఎప్పుడూ గోడ దాటాకే కనిపిస్తాడు. ఆమె నీళ్ళు తాగింది.

మా అమ్మాయి అప్పుడు పన్నెండో తరగతి. బళ్ళు మూసేసి పాఠాలన్నీ ఫోన్‌లోకి వచ్చాయి. మధ్యాహ్నాలు మేడ మీద మెషీన్ నూనె డబ్బాలో ఇసుక పోసి, పాత మగ్గం కడ్డీ ఒకటి నిలబెట్టి, దాని నీడకు సుద్దతో గీతలు గీసేది. కడ్డీ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి దారానికి నట్టు కట్టి వేలాడదీసేది. నేను ఏదో ఆట అనుకున్నాను. ఒకరోజు పంచాంగం మేకు నుంచి తీసి, మొదటి పేజీ నా ముందు పెట్టింది. ఈ సూర్యోదయాలు మన ఊరికి గణించినవట. సూరత్ పడమరకు ఉంది కాబట్టి ఇక్కడ పొద్దు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా పొడుస్తుందట, చలికాలమైతే ఇంకాస్త ఎక్కువట. ఏ ఊరికి గణించారో ఆ పేజీలోనే చిన్న అక్షరాల్లో ఉంది. భజనలో వేళలు చెబుతున్న పంతొమ్మిదేళ్ళుగా నేను ఆ పేజీ తిప్పేసి లోపలి పేజీలకు పోతున్నాను.

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి అమ్మ అడిగింది, “అంటే నేను పొద్దు పొడవకముందే నీళ్ళు తాగిన్నా?”

 అప్పటికి ఇరవై మూడు ఏకాదశులు అయిపోయాయి.

తెలియక చేసిన దానికి దోషం లేదని, భగవంతుడు మనసు చూస్తాడని, నాకు తెలిసిన దృష్టాంతాలన్నీ చెప్పాను. అమ్మ అన్నీ విన్నది. చివరికి తనకు కావాల్సింది ఓదార్పు కాదని, మొక్కు తీరిందా లేదా అన్నదేనని చెప్పింది. డబ్బా నీడను నమ్మలేదు. కిరాణా కొట్టు క్యాలెండర్‌నూ నమ్మలేదు. తన కళ్ళతో చూస్తేనే నమ్ముతానంది.

చూపిస్తానంది మనవరాలు. ఉజ్జయినిలో సూర్యుణ్ణి, నక్షత్రాలను కొలిచే పాతకాలపు వేధశాల ఉంది. అక్కడి గోడల నీడలే గడియారం. ఆ ఊరికి అవతల, కర్కాటక రేఖ మీద ఒక పల్లెలో కొత్త వేధశాల కట్టారు. ఏడాదిలో ఒక్క రోజు మిట్టమధ్యాహ్నం అక్కడ నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆ క్షణం ఫోన్‌లో పన్నెండు కాదని చూస్తే, ఏ ఊరి పొద్దు ఆ ఊరిదేనని కంటికే తెలుస్తుందట. ఆ ఏడు ఆ రోజు ఏకాదశే అయింది. అదీ జ్యేష్ఠంలో వచ్చే, నీళ్ళు కూడా ముట్టని నిర్జల ఏకాదశి. అమ్మ మొక్కులో ఇరవై నాలుగోది.

మా ఆవిడ వద్దంది. ఎండలో, నీళ్ళు లేకుండా, ఈ వయసులోనా అంది. అమ్మ అప్పటికే చీర మడతపెడుతోంది.

మహమ్మారి రెండో విడత తగ్గుతూ ఉంది. షెడ్లు ఇంకా సగమే నడుస్తున్నాయి కాబట్టి షెడ్డు యజమాని సేఠ్ మూడు రోజులకు వ్యాన్ ఇచ్చాడు. వెనక తాన్లు వేసే చోట పరుపు పరిచాం. నూనె డబ్బాను మా అమ్మాయి ఒళ్ళో పెట్టుకుంది.

భరూచ్ దగ్గర నర్మద కనబడగానే అమ్మ బండి ఆపించింది. గట్టు దిగి, నీళ్ళు తల మీద చల్లుకుని, మూతికున్న మాస్కు తడిసిందని విసుక్కుంది. దాహోద్ దాటాక తొలకరికి ఎర్రమన్ను వాసన, టేకు చెట్ల గుట్టలు. అక్కడ జొన్నరొట్టె, పల్లీల తొక్కు తిన్నాం. దశమి కాబట్టి అమ్మకు అదే ఆ రోజు భోజనం. మా ఆవిడ గుట్టలను ఫోటో తీస్తుంటే అమ్మ ఎంతసేపని తొందరపెట్టింది. “నానమ్మ పిక్నిక్‌కు రాలే బాపూ, చెకింగ్‌కు వచ్చింది” అంది అమ్మాయి. అమ్మ కూడా నవ్వింది.

మరునాడు పొద్దున ఉజ్జయినిలో మహాకాలుని గుడి తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. శిఖరానికి దండం పెట్టి వేధశాలకు పోయాం. మెట్ల గోడలాంటి పెద్ద కట్టడం, దానికి ఇరుపక్కలా గీతలు చెక్కిన రాతి వంపులు. గోడ నీడ ఆ గీతల మీద పడుతుంది. అక్కడి కాపలాదారు, మాస్కు గడ్డం కిందకు జారిన ముసలాయన, హిందీలో చెబుతుంటే అమ్మాయి తెలుగులో చెప్పింది. నా ఫోన్‌లో తొమ్మిది. నీడ చూస్తే ఎనిమిదిన్నర. రెంటిలో ఏది అబద్ధమని అడగమంది అమ్మ. రెండూ నిజమేనన్నాడాయన. ఫోన్‌ది దేశమంతటికీ కలిపి పెట్టుకున్న వేళ, నీడది ఈ జాగా వేళ.

అమ్మ రాతి వంపును చేత్తో తడిమింది. ఈ గీతలు కూడా మనుషులు గీసినవే గదా అంది. పదండి అంది.

పల్లె చేరేసరికి పన్నెండు కావస్తోంది. మహమ్మారి మూలంగా కొత్త వేధశాల గేటుకు తాళం ఉంది. లోపల తెల్లటి గుమ్మటం కనిపిస్తోంది. ఇంత దూరం వచ్చి ఇంతేనా అని నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. అమ్మాయి మాత్రం రోడ్డు పక్క చేనులో చదునుగా ఉన్న చోటు చూసి డబ్బా దించింది. కడ్డీ నిలబెట్టి, దారం వేలాడదీసి సరిచేసింది. కడ్డీ నీడ అగ్గిపుల్లంత ఉంది.

అంతలో మబ్బు కమ్మింది. నీడే లేకుండా పోయింది. పన్నెండూ పది. పన్నెండూ పదిహేను. అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా ఆవిడ వ్యాన్‌లో కూర్చోమని అత్తను బతిమాలింది. అమ్మ పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. డబ్బా పక్కనుంచి కదల్లేదు.

“మబ్బు నిలవది బిడ్డా,” అంది మనవరాలితో. “నేను నిలుస్త.”

నేను విష్ణునామాలు చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నంతసేపూ నా మనసులో ఒక పాడు ఆశ ఉందని ఇవాళ ఒప్పుకుంటాను. మబ్బు అలాగే ఉంటే నా తప్పు రుజువు కాకుండా పోతుందని. స్వామి ఆ ఆశ వినలేదు. పన్నెండూ ఇరవై అయిదుకు ఎండ వచ్చింది. కడ్డీ నీడ చిటికెన గోరంత అయి, ఇంకా ముడుచుకుని, కడ్డీ మొదట్లోకి పోయి మాయమైంది. మా నలుగురి నీడలూ కాళ్ళ కిందే ఉన్నాయి. అమ్మ వంగి కడ్డీ చుట్టూ ఇసుకంతా చూసింది.

టైమెంత అని అడిగింది. పన్నెండూ ఇరవై తొమ్మిది అన్నాను.

“సూరత్‌ల?”

అక్కడ మిట్టమధ్యాహ్నం ఇంకో పన్నెండు నిమిషాలకు అంది అమ్మాయి.

“మన ఊర్ల?”

అక్కడ పావుగంట కిందటే అయిపోయిందంది.

అమ్మ నడుము పట్టుకుని లేచింది. నా మొహం చూడలేదు. నేనే ముందుకు వెళ్ళి, తప్పు నాదని, క్షమించమని, దేవుడు నీ ఉపవాసాలు తీసుకునే ఉంటాడని అన్నాను.

“దేవుడు ఊకుంటడు కొడుకా. నేను ఊకోను,” అంది. “ఇయ్యాల్టిది ఒకటి. ఇంక ఇరవై మూడున్నయి.”

ద్వాదశి తెల్లవారుజామున క్షిప్రా నది మెట్ల మీద కూర్చున్నాం. తూర్పున మబ్బు. సూర్యోదయం అయిపోయిందని అమ్మాయి ఫోన్ చూపించింది. మా ఆవిడ తులసి నీళ్ళ గ్లాసు పట్టుకుని, రెండో రోజు కూడా గొంతు తడవకపోతే ఎట్లా అత్తమ్మా అని మందలించింది.

“ఫోన్ల పొడిచింది. నాకింక పొడవలే,” అంది అమ్మ.

ఇంకో అరగంట కూర్చుంది. మబ్బు అంచున ఎర్రటి గీత కనబడ్డాక చేతులు జోడించి, గ్లాసు అందుకుంది. నేను పక్కనే ఉన్నా నన్ను వేళ అడగలేదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఎప్పుడూ అడగలేదు.

ఇంటికొచ్చాక శనివారం భజనకు పదిమంది దూరం దూరంగా కూర్చున్నారు. మిగతావాళ్ళు ఫోన్‌లో వింటున్నారు. పురాణం తెరవకముందే చెప్పాను. పంతొమ్మిదేళ్ళు మీకు ఊరి పొద్దు చెప్పాను, సూరత్ పొద్దు కాదు, మొదటి పేజీ చదవలేదు అన్నాను.  ఫోన్‌లోంచి ఒక ఆడమనిషి, మరి మా నోముల సంగతి ఏందన్నా అని అడిగింది.  మా అమ్మ మొక్కు మళ్ళీ మొదటి నుంచి తీర్చుకుంటోందని చెప్పాను. తర్వాతి ఏకాదశికి ఇద్దరు ఆడవాళ్ళు మా మేడ మీదికి వచ్చి అమ్మతోపాటు పొద్దు కోసం నిలబడ్డారు. ఇప్పుడు పంచాంగం పక్కనే సూరత్ సూర్యోదయాలు అమ్మాయి రాసిన కాగితం తగిలించి ఉంది. దానికీ పసుపు బొట్టు పెట్టాం.

ఇది రాస్తున్న నాటికి అమ్మకు పంతొమ్మిది అయ్యాయి. మోకాళ్ళ నొప్పితో మేడ మెట్లు కూర్చుని కూర్చుని ఎక్కుతోంది. ఎత్తుకుంటానంటే ఒప్పుకోదు. మిగిలినవి అయిదు.

చదివినవాళ్ళను ఒకటే అడుగుతున్నాను. వచ్చే ద్వాదశినాడు మీ ఊళ్ళో పొద్దు పొడిచినప్పుడు, ఏ వేళకైతే ఆ వేళకు, చేతులు జోడించి నాతోపాటు ఈ మాట అనండి: స్వామీ, ఆ ముసలితల్లికి మెట్లెక్కే బలమియ్యి. తెలియక మేము తప్పించినవి తెలిసి తీర్చుకునే ఓపిక మాకియ్యి. మా అందరి పొద్దులూ నీవే, నారాయణా.