మోకాలి కొలతల పటం

గేటక్క అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. కట్టుకున్నవాడు కూడా గేటక్కనే అంటాడు. మెట్ట వీధి కాలువ వచ్చి పల్లపు వీధి కాలువలో కలిసే చోట ఒక ఇనుప తలుపు ఉంది. చక్రం తిప్పితే లేస్తుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది. పల్లపు వీధి కాలువలో పూడిక తీసేటప్పుడు తలుపు దించాలి, పని అయిపోగానే ఎత్తాలి. పురపాలక కార్యాలయం తరఫున పదిహేడేళ్ళుగా ఆ దించడం, ఎత్తడం ఆవిడ పని. తాళంచెవి బొడ్లో ఉంటుంది.

పని చిన్నదే కానీ హోదా చిన్నది కాదు. మబ్బు పట్టిందంటే చాలు, మెట్ట వీధిలో కిటికీలన్నీ తెరుచుకునేవి. "గేటక్కా, ఈసారి ఇళ్ళలోకి వస్తాయంటావా?" అని అడిగేవాళ్ళు. ఆవిడ కాసేపు ఆకాశం కేసి చూసి, కాసేపు కాలువ కేసి చూసి, వాళ్ళ ఓపిక కాస్త పరీక్షించి, "సామాన్లు పైకెక్కించుకోండి" అనేది. వీధి వీధంతా మంచాలు ఎత్తేది. ఆ ఒక్కరోజు కోసం ఆవిడ ఏడాదంతా మురుగు వాసన భరించేది.

ఇక తోడికోడలి సంగతి. గేటక్క కాపురానికొచ్చిన ఎనిమిదేళ్ళకి చిన్నకోడలు కుట్టుమిషనుతో సహా దిగింది. వచ్చిన నెలలోనే అత్తగారికి జాకెట్టు కుట్టి పెట్టింది. "అరవై ఏళ్ళలో చంకలు పట్టని జాకెట్టు ఇదే తల్లీ" అని అత్తగారు ఇంటింటికీ వెళ్ళి చెయ్యెత్తి మరీ చూపించింది. ఎనిమిదేళ్ళు కాళ్ళు పట్టిన పెద్దకోడలికి ఒక్క మెచ్చుకోలు దక్కలేదు. అసూయ ఆ రోజే మొదలైంది, దాచడం ఎందుకు. మెట్ట వీధిలోని ఆ ఇంట్లో పై అంతస్తు గేటక్క వాళ్ళది, కింద అంతస్తు చిన్నకోడలు వాళ్ళది. కింద ముందుగదిలోనే చిన్నకోడలి కుట్టు దుకాణం. మిషను చప్పుడు పొద్దస్తమానం మెట్లెక్కి పైకొచ్చేది. అది వినపడితే గేటక్కకి అన్నం సయించేది కాదు, ఆగిపోతే ఎందుకాగిందా అని తోచేది కాదు.

రెండేళ్ళ కిందట పెద్ద వాన కురిసింది. మెట్ట వీధి మునిగింది, పల్లపు వీధి మునగలేదు. అందరూ వింత అనుకున్నారు. అందులో వింతేమీ లేదని గేటక్కకి ఒక్కదానికే తెలుసు. ముందురోజు పూడిక తీయించడానికి తలుపు దించింది. ఎత్తడం మర్చిపోయింది. పదిహేడేళ్ళలో ఒక్కసారి. వాన మొదలైన రెండు గంటలకి గుర్తొచ్చి పరిగెత్తింది. ఒక్కసారిగా ఎత్తితే నీళ్ళు భళ్ళున దిగి అందరికీ తెలిసిపోతుందని కొద్దికొద్దిగా ఎత్తింది. తర్వాత కార్యాలయం పుస్తకంలో 'తలుపు ఎత్తి ఉన్నది' అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

ఇంటికొచ్చేసరికి తోడికోడలి దుకాణంలో నడుం లోతు నీళ్ళు. ఊళ్ళోవాళ్ళ బట్టలు తేలుతున్నాయి. చిన్నకోడలు గడపలో నిలబడి ఏడుస్తోంది. గేటక్క లోపలికి దిగి మిషను ఎత్తించింది, బట్టలు పిండింది, అర్ధాకలితో సాయంత్రం దాకా చాకిరీ చేసింది. అదంతా నిజమే. కానీ గుమ్మంలో అడుగుపెట్టగానే, ఆ తేలే బట్టల్ని చూడగానే, ఒక్క క్షణం కడుపులో చల్లగా అనిపించింది. అదీ నిజమే. తలుపు సంగతి బయటపెడితే కావాలనే చేసిందంటారు. ఆ ఒక్క క్షణం తలుచుకుంటే కాదని గట్టిగా చెప్పే ధైర్యం ఆవిడకే లేదు. అందుకే నోరు కుట్టేసుకుంది.

ఈ ఏడు కార్యాలయం వాళ్ళు కొత్త పని తలపెట్టారు. వానలు ముదురుతున్నాయి, ఊరు తట్టుకోవాలంటే ఊరివాళ్ళే పూనుకోవాలి, వీధికో సంఘం పెట్టి రెండేళ్ళ కిందటి వానకి ఏ ఇంట్లో ఎంత లోతు వచ్చిందో పటం గీయాలి, దాన్ని బట్టి పనులు చేపట్టాలి అన్నారు. బడిలో ఒక గదిలో సమావేశం పెట్టి ఇంజనీరు మొదట గేటక్కనే అడిగాడు. "మీకు తెలియనిదేముంటుందమ్మా, మీరే మొదలుపెట్టండి."

"నేను గేటు దగ్గరుంటాను బాబూ, ఇళ్ళల్లో సంగతి నాకేం తెలుస్తుంది" అంది గేటక్క.

సరే, వీధివాళ్ళనే అడిగారు. ఒకాయన మోకాలి లోతన్నాడు. ఒకావిడ తొడ లోతంది. లారీ డ్రైవరు బొడ్డు లోతన్నాడు. ఇంజనీరు కలం పట్టుకుని ఎవరి బొడ్డు అన్నట్టు చూశాడు. అప్పుడు వెనక బెంచీలోంచి చిన్నకోడలు లేచింది. "అందరి కొలతలూ నా దగ్గరున్నాయండీ" అంది.

ఉన్నాయి మరి. పద్నాలుగేళ్ళ కొలతల పుస్తకాలు. ఎవరి ప్యాంటు పొడవెంత, మోకాలు నేలకి ఎంత ఎత్తులో ఉంటుంది, నడుం ఎక్కడ, అన్నీ ఏడాది వారీగా. పిల్లలు ఎదిగిపోయారంటే ఆ ఏడు కుట్టిన బడి బట్టల కొలత తీసేది. పుస్తకంలో లేనివాళ్ళని గుమ్మంలో నిలబెట్టి టేపు పెట్టేది. లారీ డ్రైవరు బొడ్డు దగ్గర మాత్రం కాస్త చిక్కొచ్చింది. రెండేళ్ళలో పొట్ట జారిందనీ, అప్పటి బొడ్డు ఇప్పటికంటే రెండంగుళాలు పైనుండేదనీ వాళ్ళావిడ సాక్ష్యం చెప్పింది. వీధంతా నవ్వింది. పై అంతస్తు కిటికీలోంచి చూస్తున్న గేటక్క నవ్వలేదు. ఇంత తెలివైన పని తనకి తట్టలేదే అని ఒళ్ళు మండింది.

మబ్బు పడితే ఇప్పుడు జనం ఆవిడని అడగడం మానేశారు. కుట్టు దుకాణం ముందు ఆగుతున్నారు. "చిన్నమ్మా, మా ఇంటికెంత వస్తాయి?" అంటే చిన్నకోడలు పుస్తకం తిప్పి ఇన్ని అంగుళాలని చెప్పేస్తోంది. ఆకాశం కేసి ఒక్కసారైనా తలెత్తి చూడదు.

అయితే ఆ పటంలో ఏదో కుదరలేదు. మెట్ట వీధి చివరిదాకా తొడ లోతు నీళ్ళు, తలుపు దాటగానే పల్లపు వీధిలో పాదం తడవనంత. చిన్నకోడలు తన కొలతలే తప్పనుకుంది. మళ్ళీ కొలిచింది. రెండు నెలల్లో మూడుసార్లు వీధంతా తిరిగి కొలిచింది. రెండోసారి జనం విసుక్కున్నారు, మూడోసారి మొహం మీదే తలుపులేశారు. ఒకాయన "నా మోకాలేమన్నా రోజూ కదులుతుందా" అన్నాడు. ఈ మధ్యలోనే ఒకరోజు ఆమె మెట్లెక్కి పైకొచ్చింది.

"అక్కా, ఆ రోజు తలుపు ఎత్తే ఉంది కదా?"

గేటక్క బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తలేదు. "పుస్తకంలో రాసుంది. వెళ్ళి చూసుకో."

"నీ మాట చాలక్కా, పుస్తకమెందుకు" అని దిగిపోయింది.

ఆమె టేపు మెడలో వేసుకుని మళ్ళీ బయల్దేరడం గేటక్క కిటికీలోంచి చూసింది. తిరగనీ అనుకుంది. పటం తప్పని తేలిన రోజున అందరూ మళ్ళీ తన దగ్గరికే వస్తారు. అప్పుడు తను ఆకాశం కేసి చూస్తుంది.

అలాగే గడిచిపోయేదేమో గానీ, ఒకరోజు పొద్దున్నే పల్లపు వీధి ఆసుపత్రి నర్సమ్మ గేటు దగ్గరికి వచ్చింది. పది పడకల కాన్పుల ఆసుపత్రి అది. పడకలన్నీ పై అంతస్తులో ఉంటాయి.

"నిండు నెలలవాళ్ళు మెట్లెక్కలేక చచ్చిపోతున్నారక్కా" అంది నర్సమ్మ. "మీ తోడికోడలు గీసిన పటంలో మా వీధికి నీళ్ళే లేవు. ఒకప్పుడు నీళ్ళొచ్చేవని భయపడి పైన పెట్టుకున్నాం, అంత పెద్ద వానకే రాలేదంటే ఇక రావు. వచ్చే వారం పడకలన్నీ కిందికి దించేస్తున్నాం. ఆ పిల్లకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే."

గేటక్క చక్రానికి గ్రీజు పూస్తోంది. చెయ్యి ఆగిపోయింది. అంతకుముందు ప్రతి పెద్ద వానకీ ఆ ఆసుపత్రి కింద గదిలో నీళ్ళు నిలవడం ఆవిడ కళ్ళారా చూసింది. "దించకండి" అనబోయింది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? "మీ ఇష్టం" అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తర్వాత చాలాసేపు అక్కడే కూర్చుండిపోయింది.

శనివారం సాయంత్రం బడిలో ఆఖరి సమావేశం. పటాన్ని నల్లబల్ల మీద వేలాడదీశారు. పాత దుప్పటి మీద వీధులన్నీ నల్లదారంతో కుట్టి, నీళ్ళున్నచోట నీలిగుడ్డ ముక్కలు అతికింది చిన్నకోడలు. లోతు ఎక్కువైన కొద్దీ నీలం ముదురు. చూసినవాళ్ళందరూ దగ్గరికెళ్ళి తడిమి చూస్తున్నారు. అత్తగారు ముందు బెంచీలో కూర్చుని, ఆ కుట్టుపనంతా తనే నేర్పినట్టు తలాడిస్తోంది. గేటక్కకి గుండెల్లో మంట గొంతుదాకా వచ్చింది.

ఇంజనీరు చెప్పాడు. "పటాన్ని బట్టి కష్టమంతా మెట్ట వీధిదే. అక్కడి కాలువ రెండింతలు వెడల్పు చేస్తాం. నీళ్ళు ఆగకుండా గబగబా కిందికి దిగిపోతాయి. పల్లపు వీధికి ఎలాగూ ముప్పు లేదు." చప్పట్లు కొట్టారు. నర్సమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది.

కిందికి దిగిన నీళ్ళు పది పడకల కిందికి వస్తాయి. ఒక్క వాన చాలు, చిన్నకోడలి పటం పరువు నీళ్ళలో కలుస్తుంది. రెండు నెలలుగా గేటక్క కోరుకుంటున్నది అదే. కానీ ఆ నీళ్ళలో పటం ఒక్కటే ఉండదు. ఆవిడ లేచి నిలబడింది.

"ఆ పటం తప్పు" అంది.

చిన్నకోడలి మొహం పాలిపోయింది. "ఎక్కడక్కా? మూడుసార్లు కొలిచాను."

"నీ కొలతలు కాదు. ఆ రోజు తలుపు దించి ఉంది. నేనే మర్చిపోయాను. రెండు గంటలు. నీళ్ళు కిందికి రాకుండా మెట్ట వీధిలో కట్టేసినట్టు ఆగిపోయాయి అందుకే. తలుపు ఎత్తి ఉంటే మునిగేది ఆసుపత్రి. నర్సమ్మా, పడకలు దించకండి."

అత్తగారు వెనక్కి తిరిగింది. "కావాలనే చేశావా?"

"కాదత్తయ్యా. మర్చిపోయాను. మర్చిపోయానని చెప్పకపోవడం మాత్రం కావాలనే."

జనం ఏమంటారో, ఇంజనీరు ఏం రాసుకుంటాడో వినడానికి గేటక్క సిద్ధపడింది. ఈలోగా చిన్నకోడలు కత్తెర తీసుకుని నల్లబల్ల దగ్గరికి నడిచింది. "ఎన్ని గంటలకి ఎత్తావు? ఎన్ని విడతల్లో?" అని అడుగుతూ, చెప్పింది వింటూ, మెట్ట వీధి మీది నీలిగుడ్డలు ఒక్కొక్కటే ఊడదీసి పల్లపు వీధి మీద గుండుసూదులతో గుచ్చింది. పావుగంటలో పటం మారిపోయింది. కాలువ వెడల్పు చేసే మాట పోయి, మెట్ట వీధిలో ప్రతి పెరట్లో నీళ్ళు ఇంకే గుంట తవ్వుకోవాలనీ, పల్లపు వీధి చివర పంపు పెట్టాలనీ తేలింది. ఎవరి పెరట్లో చోటుందో, ఎవరు పార పట్టగలరో అక్కడికక్కడే లేచి చెప్పుకున్నారు. మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కూడా చిన్నకోడలికే. నిజం చెప్పింది గేటక్క, మెప్పు పోయింది అటు.

అక్కడితో అయిపోలేదు. తలుపు ఒక్క మనిషి మతిమరుపు మీద ఆధారపడకూడదు, రెండో మనిషి కావాలన్నాడు ఇంజనీరు. అందరూ ఎవరి కేసి చూశారో వేరే చెప్పక్కర్లేదు.

"అక్క నేర్పితే నేర్చుకుంటాను" అంది చిన్నకోడలు.

నేర్పననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "సోమవారం పొద్దున ఆరింటికి రా" అంది గేటక్క.

సోమవారం తను ఐదున్నరకే వెళ్ళింది. చిన్నకోడలు అప్పటికే గట్టు మీద కూర్చుని ఉంది. గేటక్క తాళం తీసింది. పదిహేడేళ్ళుగా తన చేతులు తప్ప వేరెవరివీ తగలని చక్రాన్ని చూపించింది. ఎటు తిప్పాలో, గొలుసు ఎక్కడ పట్టేస్తుందో చెప్పింది. చిన్నకోడలు అన్నీ విని, చక్రం మీద చేతులు వేసి, తిప్పకుండా ఆగింది.

"నేను మళ్ళీ మళ్ళీ కొలుస్తుంటే పైనుంచి చూసేదానివి కదా."

"చూశాను."

"మొహం మీద తలుపులేసినప్పుడు కూడా?"

"అప్పుడూ చూశాను."

"ఏమనిపించేది?"

గేటక్క అబద్ధం వెతుక్కుంది, దొరకలేదు. "బాగుండేది" అంది.

చిన్నకోడలు కాలువ కేసి తిరిగింది. "రాత్రిళ్ళు లేచి కూర్చుని పుస్తకాలు తిప్పేదాన్ని. నాకు కొలవడం కూడా చేతకాదనుకున్నాను. ఆ పని తప్ప నాకింకేమొచ్చు. ఇది నేను మర్చిపోతాననుకోకక్కా." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎన్ని చుట్లు?"

"నలభై రెండు."

"లెక్కపెట్టు."

గేటక్క పైకి లెక్కపెట్టింది. పనిలో చేరిన మొదటి ఏడాది తను ప్రతి పది చుట్లకీ ఆగి చేతులు ఊదుకునేది. చిన్నకోడలు ఎక్కడా ఆగలేదు. ముప్ఫై దగ్గర ఆగుతుందనుకుంది, ఆగలేదు. నలభై రెండు అనేసరికి గేటక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది పశ్చాత్తాపమని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, అసూయే. ఆ చేతుల మీద, ఆ ఓర్పు మీద, అంత మాట విని కూడా చుట్లు ఎన్నని అడగగలిగిన ఆ మనసు మీద.

"రేపు కూడా ఆరింటికే రా" అంది.