వీధికి అవతల పుట్టిల్లు

మొన్న ఆమె సంతాప సభలో మైకు పట్టుకున్న పెద్దమనిషి ఒకటే మాట మీద నిలబడినాడు. "ఎక్కడో జర్మనీలో పుట్టి, నా అనేవాళ్లు ఒక్కరూ లేని చోట జీవితమంతా గడిపి..." అని. ముందు వరస కుర్చీలో నేను కూర్చుని ఉన్నాను. నా అనేవాడు ఎదురుగా ఉంటే కనపడలేదా ఆయనకు? లేచి రెండు మాటలు చెప్తానంటే, "టైము లేదు తాతా, కూర్చో" అన్నారు కుర్రాళ్లు. కూర్చున్నాను. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. రాసుకునేదానికి ఎవరి టైమూ అడగబళ్లేదు గదా.

నేను నాలుగో తరగతితో బడి మానినోణ్ణి. కొట్టు నుంచి పొట్లాలు కట్టి వచ్చిన పత్రికలు విప్పి చదివి అక్షరం నిలబెట్టుకున్నాను. భాషలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. సంగతిలో తప్పు లేదు.

మా ఊరు వాకాడుకూ సముద్రానికీ నడుమ. వీధికి ఇటు మా ఇల్లు, అటు వాళ్లిల్లు. ఆ ఇంటి ఇల్లాలిని మా అమ్మ వదినా అని పిలిచేది. రక్త సంబంధం ఏమీ లేదు, ఊరి వరసే. ఆ వరసన ఆమె నాకు అత్త, ఆమె కొడుకు బావ. బావ మిషన్ల చదువు చదవడానికి జర్మనీ పోయి, యాభైల చివర్లో చదువుతో పాటు పెళ్లాన్ని కూడా తీసుకొచ్చినాడు. ఉత్తరాదిన కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. అక్కడింకా ఇళ్లు లేవంట, గుడారాలేనంట. భార్యను తల్లి దగ్గర వదిలిపెట్టి పోయినాడు, సెలవు దొరికినప్పుడల్లా వచ్చిపోయేవాడు.

అప్పుడు నాకు ఇరవై దాటినాయి. సేద్యం నాదే. బావ భార్య గనక నేను ఆమెను అక్కా అన్నాను. ఆమె నన్ను తమ్ముడూ అన్నది. ఎవరు నేర్పించినారో తెలియదు గాని, ఆమెకు మొదట వచ్చిన తెలుగు మాటల్లో అదొకటి.

ఎండకు టమోటా పండులాగా కందిపోయి, అయినా పని మానేది కాదు. పులిసిన దోసె పిండి గోధుమ పిండిలో కలిపి వాళ్ల దేశపు రొట్టె కాల్చేది. అది రాయిలాగా వచ్చేది. అత్త దాన్ని పులుసులో నానేసుకుని తిని, "బాగుండాదమ్మే" అనేది. కోడలి మనసు నొప్పించే మనిషి కాదు అత్త. ఆ సంగతి ముందే చెప్తున్నాను, తర్వాత అపార్థం చేసుకుంటారని.

ఏడాది తిరిగేసరికి అక్కకు కడుపొచ్చింది. ఇంక బావి దగ్గర ఆడవాళ్లకు వేరే మాట లేదు. "ఏమ్మా, పుట్టింటికి ఎప్పుడు పోతుండావు?" "మీవాళ్లు తీసకపోయేదానికి ఎప్పుడొస్తారు?" తొలి కాన్పు పుట్టింట్లో జరగాల. చలిమిడి పెట్టి, గాజులు తొడిగి, పుట్టింటివాళ్లు వచ్చి తీసుకుపోవాల. మాకది అన్నం తిన్నంత మామూలు సంగతి. మామూలు సంగతిని ఎవరైనా విడమర్చి చెప్తారా? ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున నేను పచ్చిగడ్డి మోపుతో కాలువ కట్ట మీద వస్తున్నాను. మద్రాసు పోయే సరుకు పడవలు ఆగే చోట ఆమె నిలబడి ఉంది. మొహం పీక్కుపోయి ఉంది. రెండు మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదని అమ్మ అంటుంటే వేవిళ్లేమో అనుకున్నాము.

"తమ్ముడూ, ఈ పడవలో మద్రాసు పోతే ఓడ దొరుకుతుందా?"

"ఓడెందుకక్కా?"

"అత్త నన్ను పంపించేస్తుంది. ఊరంతా అడుగుతుండారు, ఎప్పుడు పోతావని. నేనేం తప్పు చేసినాను? రొట్టె గట్టిగా ఉందనా?"

మోపు కింద పడేసినాను. నవ్వొచ్చింది. మా పద్ధతి ఇదీ అని చెప్పినాను. పంపేయడం కాదు, బిడ్డతో మళ్లీ తెచ్చుకుంటారు అని చెప్పినాను. ఆమె అంతా విన్నది. విని మెల్లగా అన్నది: "మా ఇల్లు యుద్ధంలో కూలిపోయింది. అమ్మ అందులోనే పోయింది. ఆ జాగాలో ఇప్పుడెవరో ఉండారు. ఎవరింటికి పోవాల నేను?"

 గడ్డి అక్కడే వదిలేసి ఇంటికొచ్చి అమ్మకు చెప్పినాను. అమ్మ చేట పక్కన పెట్టి, కొంగు దోపుకుని, వీధి దాటింది. వెనకే నేను.

"వదినా, ఆ పిల్లకు అమ్మ లేదంట. ఇల్లూ లేదంట. నీకు తెల్సా?"

అత్త నిలువునా కూలబడింది. "నా కొడుకు ఒక్క ముక్క చెప్పలేదే! గొప్పోళ్లు, ఓడెక్కి వస్తార్లే అనుకుంటుండా."

"అయితే పురుడు ఇక్కడే పొయ్యి."

"నా వల్ల కాదు." అత్త లోపలి గది వైపు చెయ్యి చూపించింది. "నాకూ అమ్మ లేదు. నా తొలి కాన్పు ఈ గదిలోనే అయింది. బిడ్డ దక్కలేదు. నీకు తెలీని సంగతా? మళ్లీ ఈ గదిలో తొలి బిడ్డనా? నా చేతుల్తో నేను చెయ్యను."

 అమ్మ నా జబ్బ పట్టుకుని ముందుకు లాగింది. "వీడు నీ కొడుక్కి ఏమవుతాడు?"

"బావమరిది."

"మరి బావమరిది ఉన్నోడికి అత్తగారిల్లు లేదంటావేంది? వీడి అక్క నా కూతురు గాదా? నా కూతురి పురుడు నేను పోసుకుంటా. నువ్వెవరు కాదనేదానికి?"

అత్త మొహం ఎత్తి చూసింది. కళ్లు తుడుచుకుంది. "చలిమిడి మాత్రం మీ ఇంటి బియ్యంతోనే కొట్టాల. మా బియ్యం కలిపితే ఒప్పుకోను."

"నీ బియ్యం ఎవరిక్కావాల? రాళ్లు తప్ప ఏముండాయి దాంట్లో!"

ఏడో నెలలో అమ్మ చలిమిడి, పూలు, గాజులు పళ్లెంలో పెట్టుకుని పోయింది. అక్క చేతులు పెద్దవి. గాజులు ఎక్కక, సబ్బు నురగ పెట్టి అమ్మ నానా తంటాలు పడింది. కోడల్ని పుట్టింటికి పంపే ఘట్టం గనక అత్త పద్ధతిగా ఏడ్చింది. ఇనప పెట్టె నేను నెత్తిన పెట్టుకున్నాను. పడవ కోసం సర్దిన పెట్టె అదే. ఆమె మా గడప తొక్కి, వెనక్కి తిరిగి తన ఇంటిని చూసి, ఇంత దూరమేనా అన్నట్టు పగలబడి నవ్వింది. ఆ నవ్వు విన్న తర్వాత గాని మా అమ్మకు ఊపిరి ఆడలేదు.

పురుడయ్యేదాకా ఆమె అత్తగారిల్లు తొక్కకూడదు. అందుకని అత్త తన అరుగు మీద నుంచి అరిచేది, "ఏం తిన్నావమ్మే?" అని. ఇటు నుంచి ఈమె, "చేపల పులుసత్తా! మీ పులుసు కంటే బాగుంది!" అని. వీధిలో పోయేవాళ్లు ఆగి నవ్వుకునేవాళ్లు.

మా ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినపడగానే అత్త పద్ధతులన్నీ మరిచిపోయి చెప్పులు లేకుండా ఎర్రటి ఎండలో వీధి దాటి పరిగెత్తుకొచ్చింది. మా నెల్లూరు ఎండల్లో ఆ పసిగుడ్డుకు అక్క తను అల్లిన ఉన్ని మేజోళ్లు తొడిగింది. మంత్రసాని వాటిని చూసి, "పిల్లను ఉడకేస్తుండావా తల్లీ" అని పీకి పారేసింది.

ఆ తర్వాత ఇంకో ఇద్దరు పుట్టినారు. బావ ఉద్యోగం వదిలి సేద్యానికి వచ్చినాడు. పెద్దపిల్ల పెద్దమనిషి అయినప్పుడు మేనమామగా పచ్చాకు గుడిసె నేనే కట్టినాను. పెళ్లిలో గంపలో మోసినాను. ఆమె పోయినాక పత్రికలో, ఆమె ఏదో సేవ చేయడానికి వచ్చినట్టు రాసినారు. ఏం సేవ? సంసారం చేసింది. పిల్లల్ని కన్నది, వడ్లు ఎండబెట్టింది, మా ఆవిడతో గట్టు మీద మేకల కోసం పోట్లాడింది, నెల్లూరు తిట్లు నాకంటే బాగా తిట్టింది. అది తక్కువైందా మీకు?

మా అమ్మ పోయిన రోజు కూతురు ఏడ్చినట్టే ఏడ్చింది అక్క. ఆ రోజే నన్ను పక్కకు పిలిచి, "తమ్ముడూ, ఆడది పోతే పుట్టింటి చీర కప్పాలంట గదా. నాకు నువ్వే తేవాల. నీలం రంగు. తెల్లది తెచ్చినావా, లేచొచ్చి కొడతా" అన్నది.

సరే అన్నాను గాని అప్పటి నుంచి నాకొకటే దిగులు. ఆమెది ఉక్కు శరీరం, నాది ఉబ్బసం రొమ్ము. నేను ముందు పోతే? నా పిల్లలకు ఈ వరస లోతు తెలుసా? వెంకటగిరి నీలం చీర తెచ్చి పెట్టెలో పెట్టుకున్నాను. ఎండాకాలం వచ్చినప్పుడల్లా ఎండకేసి, మళ్లీ మడిచి పెట్టేవాణ్ణి. అది చూసి ఆమె అరుగు మీద నుంచే, "ఇంకా నాకు టైముంది, లోపల పెట్టు" అని వెక్కిరించేది. బావ పోయినాడు, మా ఆవిడ పోయింది. ఆమె తొంభై దాటి కూడా అరుగు మీద కూర్చుని నా దగ్గును తిట్టేది.

చివరికి ఆమే ముందు పోయింది, నిద్రలో, ఏ బాధా లేకుండా. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు అడుగున, దేవుడా, ఎంత తేలికైందో గుండె! చీర చంకలో పెట్టుకుని, కర్ర పట్టుకుని వీధి దాటినాను. గుమ్మంలో పెద్దపిల్ల నిలబడి ఉంది. మా ఇంట్లో పుట్టిన పిల్ల, ఇప్పుడు తనే అమ్మమ్మ. అయ్యవారు లోపల నుంచి తొందర పెడుతున్నాడు.

"ఆగండి స్వామీ" అన్నది ఆ పిల్ల. "మా అమ్మ పుట్టింటివాళ్లు వస్తుండారు."